దారం అత్త ఆపిన చోటు

కింద దర్జీ కొట్టు, పైన మా గ్రంథాలయం. అందులో పనిచేసేది ఇద్దరమే. పుస్తకాలిచ్చే ఆవిడ, చిరిగినవి కుట్టే నేను. పిల్లలు ఆవిడని దారం అత్త అనేవారు, నన్ను జిగురు తాత అనేవారు. నా వేళ్లు చూస్తే ఎవరైనా అదే పేరు పెడతారు కనుక నేనేమీ అనుకోలేదు. ముప్ఫై ఏళ్లు పుస్తకాలు కుట్టానే గానీ ఒక్కటి పూర్తిగా చదివిన పాపాన పోలేదు.

చదివే పిల్లలంటే దారం అత్తకి పెద్ద పట్టింపు లేదు. వాళ్లు ఎలాగూ చదువుతారు అనేది. పుస్తకం చూడగానే మొహం చిట్లించేవాళ్లే ఆవిడకి కావాలి. అలాంటివాళ్లని కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, గొంతులు మార్చి మార్చి కథ చదివి వినిపించేది. సరిగ్గా ప్రాణం బిగపట్టే చోట, చివరి నాలుగు పేజీలు ఉన్నాయనగా ఆపేది. దర్జీ దగ్గర ఏరి తెచ్చుకున్న ఎర్రదారం ముక్క అక్కడ పెట్టి పుస్తకం మూసేది. మిగతాది నీ పని అనేది. పిల్లలు అలిగేవారు, కాళ్లు నేలకేసి కొట్టేవారు, చివరికి తిట్టుకుంటూనే చదివేవారు. ఎక్కడైనా పుస్తకాలు ముందు పేజీల దగ్గర నలుగుతాయి. మావి మాత్రం చివరి నాలుగు పేజీల దగ్గర ఊడేవి. ఈవిడ పద్ధతి పుణ్యమా అని నా నడుం పడిపోతోందని సణుగుతూ అతికించేవాణ్ణి.

ఇస్త్రీ కొట్టు ఆవిడ కూతురికి తొమ్మిదేళ్లు. మామూలుగా నోటికి మూత పడదు, పుస్తకం తెరిస్తే మాత్రం ఆ నోరు పెగలదు. అక్షరాలు చూస్తే తలనొప్పి అనేది. దాని కోసం దారం అత్త ఒక పడవవాడి కథ తీసింది. పడవవాడి కుంటి బాతు వరదలో కొట్టుకుపోతుంది. అతను నది వెంట వెతుక్కుంటూ పోతాడు. చీకటి పడే వేళ రెల్లుగడ్డిలో ఏదో కదులుతుంది. అక్కడ పడింది ఎర్రదారం.

పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. "అత్తా, ఒక్క ముక్క చెప్పు. బాతు దొరికిందా?"

"నాలుగు పేజీలేగా. నువ్వే కనుక్కో," అని నవ్వింది దారం అత్త. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వారం తిరగకుండా పిల్లకి జ్వరం వచ్చింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, చనిపోయింది.

తల్లి వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అట్ట తడిసి ఉబ్బింది కాబట్టి అది నా దగ్గరికి వచ్చింది. దారం ఒక పేజీ ముందుకి జరిగి ఉంది. పుస్తకమంటే గిట్టని పిల్ల తనంతట తాను ఒక పేజీ చదివింది. ఇంకా మూడు మిగిలాయి. దారం కదిలించవద్దని అత్త చెప్పింది. చెప్పకపోయినా నేను కదిలించేవాణ్ణి కాదు.

ఆ రోజు నుంచి ఆవిడ కథల ముగింపు ముందే చెప్పెయ్యడం మొదలుపెట్టింది. తప్పిపోయినవాడు ఇంటికొస్తాడు, దొంగ దొరుకుతాడు, భయపడకండి అంటూ చెప్పేది. పిల్లలు విని, పుస్తకం అక్కడే వదిలేసి ఆడుకోవడానికి పోయేవారు. చివరి పేజీలు ఊడడం మానేశాయి. ఆ స్టూలు మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఆ పిల్ల వచ్చే వేళకి, సాయంత్రం ఐదు కొట్టగానే అది కిర్రుమనేది. ఆవిడ తల తిప్పి చూసేది. నాకూ వినబడేదంటే నవ్వుతారు, కానీ వినబడేది. వెనకే, బాతు దొరికిందా అని ఆ పిల్ల అడగడం కూడా.

రెండు నెలల తర్వాత తల్లి మళ్లీ వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"చివర్లో దానికి చదివే ఓపిక లేకపోయింది. బాతు దొరికిందా అని నన్నడిగింది. దొరికిందమ్మా అన్నాను. నీకు చదవడం రాదుగా, అబద్ధం చెప్తున్నావ్ అంది. మళ్లీ మాట్లాడలేదు."

దారం అత్త నోరు తెరిచింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు చెప్పొద్దు. దొరికిందన్నా, నన్ను ఓదార్చడానికి అన్నారనుకుంటాను. అక్షరాలు నేర్పండి. నేనే చూసుకుంటాను."

అలా మొదలైంది. రోజూ కొట్టు కట్టేసి, చేతుల మీద వేడి ఆరకుండానే వచ్చేది. పెన్సిల్‌ని ఇస్త్రీపెట్టెలా అదిమి పట్టి మొనలు విరగ్గొట్టేది. చొక్కా, మడత, గుండీ, బొగ్గు, ఆమెకి తెలిసిన మాటలతోనే అత్త నేర్పింది. ఈ వయసులో నా వల్ల కాదని ఆ తల్లి రెండుసార్లు పలక విసిరేసింది. రెండుసార్లూ మర్నాడు తనే వచ్చింది. ఎనిమిది నెలలు దారం అత్త ఆ ముగింపు నోట్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహం చూసి కనిపెడదామని నేను చెయ్యని ప్రయత్నం లేదు. పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది, తెరిస్తే తెలిసిపోతుంది. చెయ్యి రాలేదు. దొరక్కపోతే ఆ తల్లి ఏమైపోతుందోనని నాకు భయం.

ఒక సాయంత్రం తల్లి పుస్తకం అడిగి తీసుకుంది. స్టూలు మీద కూర్చోలేదు. దాని మీద పుస్తకం పెట్టి, తను నేల మీద కూర్చుని, దారం దగ్గర తెరిచింది. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. మూడు పేజీలకి గంట పట్టింది. నా కుంచె మీద జిగురు గట్టిపడిపోయింది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, దాన్ని మొదటి నుంచి మళ్లీ చదివింది, తప్పు చదివానేమోనని.

తర్వాత స్టూలు వైపు తలెత్తింది.

"దొరికిందే అమ్మలూ. నేను అబద్ధం చెప్పలేదు."

దారం అత్త మొహం కప్పుకుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆవిడకి, పిల్ల అడిగిన ఆ రోజు, క్షణం కూడా పట్టేది కాదు.