నాలుగో టిక్కు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ముప్పై ఏళ్లుగా కరెంటుతో కాపురం చేస్తున్నాను. వైరు తెగితే సెట్టు ఆగుతుంది, అతికితే పలుకుతుంది, నాకు తెలిసిన లోకం అంతే. ఈ సంగతి చెబితే మా ఆవిడే నవ్వింది. మీరూ నవ్వండి, పర్వాలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

భోగాపురంలో రోడ్డు పక్కన నాదొక చిన్న రిపేరు షాపు. చేపల పడవల్లో పెట్టుకునే వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాను. పని నేర్పింది అప్పలస్వామి మేస్టారు. షాపూ ఆయనదే, పోయినేడాది ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. అందులో ఆయన పాత సిగ్నల్ జనరేటర్ ఉంది, ఇద్దరు పట్టి లేపాల్సినంత బరువు. సెట్టుకి ఎంత సన్నటి పిలుపు వినబడుతుందో తేల్చే యంత్రం అది. ముందువైపు ఐదు మీటలుంటాయి. ఒక్కో మీట నొక్కితే లోపల ఒక్కో రిలే, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చు, టిక్‌మని కదిలి సిగ్నల్‌ని ఒక మెట్టు తగ్గిస్తుంది. ఐదూ నొక్కాక కూడా సెట్టు పలికిందంటే, దూరపు పడవ మాట దానికి అందుతుందని అర్థం.

మేస్టారికొక చాదస్తం ఉండేది. ఏ సెట్టు పరీక్షించాలన్నా ముందు ఆ పెట్టెకి చెవి ఆనించి, మీటలు నొక్కుతూ వేళ్ల మీద టిక్కులు లెక్కపెట్టేవారు. నేను సెట్టు బాగుందని చెబితే, తలెత్తి చూడకుండా ఒకటే అడిగేవారు. “లెక్కెట్టినావేటిరా?” రోజుకి పదిసార్లు. మహా విసుగొచ్చేది నాకు. ఆయన పోయాక ఆ లెక్క మానేశాను. పైగా ఎయిర్‌పోర్టు పనుల లారీలు పొద్దంతా షాపు ముందునుంచే పోతాయి. ఆ రొదలో టిక్కులు ఎక్కడ వినబడతాయి?

కిందటి వానాకాలంలో ఒక పొద్దున్న మా అక్క మొగుడు నూకరాజు బావ తన సెట్టు తెచ్చాడు. ఆ సాయంత్రమే ఇంకో ముగ్గురితో వేటకి పోవాలి. ఐదు మీటలూ నొక్కాను, సెట్టు గణగణా పలికింది. బ్రహ్మాండంగా ఉంది, తీసుకుపొమ్మన్నాను. జనరేటర్ ప్లగ్గు పీకేసి, వైరు దాని మీదే చుట్టి పెట్టాను. ఇది బాగా గుర్తు, ఎందుకంటే అదే బోర్డులో ఫ్యాను పెట్టుకుని తర్వాత క్యారేజీ విప్పాను.

అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. లారీ డ్రైవర్లు భోజనాలకి ఆగారు, రోడ్డంతా నిశ్శబ్దం. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే పెట్టెలోంచి టిక్ అంది. మళ్లీ టిక్. మళ్లీ టిక్. తర్వాత కాస్త ఖాళీ, సరిగ్గా ఒక టిక్కు పట్టేంత. ఆ తర్వాత ఇంకో టిక్.

బల్లి అనుకున్నాను. ఇంకోసారి అదే వరస వచ్చింది. మూడు, ఖాళీ, ఒకటి. చూస్తే వైరు నేను చుట్టింది చుట్టినట్టే ఉంది. చెయ్యి కూడా కడుక్కోకుండా ఫ్యాను పీకి, జనరేటర్ ప్లగ్గు పెట్టి, మేస్టారిలా చెవి ఆనించి మీటలు నొక్కాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో మీటకి చప్పుడు లేదు. ఐదోది పలికింది.

నాలుగో రిలే కదలకపోతే ఆ మెట్టు తగ్గనట్టే. పొద్దున్న నేను సన్నటి పిలుపనుకుని పంపింది నిజానికి గట్టి కేక. కేక వినబడితే చెవి బాగున్నట్టా? ఆ సెట్టుని నమ్ముకుని నలుగురు సముద్రం మీదకి పోతున్నారు.

బావ ఫోను ఎత్తలేదు. బండేసుకుని ఒడ్డుకి పోయేసరికి, అనుకున్న వేళకన్నా ముందే పడవ నీళ్లలోకి తోస్తున్నారు. వెనకనుంచి కేకేశాను. వేటకి కదిలినవాళ్లని మాలో వెనక్కి పిలవకూడదు. బావ మండిపడ్డాడు. “బయల్దేరినోడిని ఎనక్కి పిలుస్తావేటిరా? నీకు మతి పోనాదేటి?” టిక్కుల సంగతి చెబితే కొట్టేవాడే. తప్పు నాదని ఒప్పుకుని, బతిమాలి, సెట్టు ఊడదీసి తెచ్చుకున్నాను.

ఆ రిలే మూత తీస్తే, లోపలి రేకు ఉప్పుగాలికి చిలుము పట్టి అతుక్కుపోయి ఉంది. గరుకు కాగితంతో రుద్దితే కరెంటు కలిపే కాంటాక్టుల మీద పూత పోతుంది. మేస్టారు నేర్పినట్టే పోస్టుకార్డు ముక్కని స్పిరిట్‌లో తడిపి, మెల్లగా లాగుతూ తుడిచాను. ఐదు టిక్కులూ వచ్చాయి. అప్పుడు బావ సెట్టు తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. శుద్ధ చెవిటిది. లోపల పాడైన భాగం మార్చి, మళ్లీ పరీక్షించి, చీకటి పడకముందే పడవలో బిగించి వచ్చాను. బావ నావైపు చూడకుండా వల సర్దుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికే, వేట సగంలో వదిలేసి పడవ తిరిగొచ్చింది. సాయంత్రానికి గాలి రేగింది. ఒడ్డున కట్టిన పడవలే తిరగబడ్డాయి. దక్షిణాన ఎవరో పడవవాళ్లు గాలి లేస్తోంది, వెళ్లిపోండని సెట్టులో అరిచారట. వాళ్లూ క్షేమంగా ఒడ్డెక్కారని తర్వాత తెలిసింది.

బావ షాపుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. “సన్నగా ఇనబడినాదిరా సూరీ,” అన్నాడు. “శానా సన్నగా. గానీ ఇనబడినాది.”

మా అక్క నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ దండమేదో మేస్టారికి పెట్టమన్నాను.

కరెంటు దాచుకునే కెపాసిటర్లలో మిగిలిన కాస్తే అయ్యుంటుందని మీరు అనొచ్చు. నేనూ అనుకున్నాను. అది నిమిషాల్లో ఆరిపోతుంది, గంటల తరబడి ఉండదు. ఉన్నా, వరసలో నాలుగోదాన్ని వదిలి పలకడమేమిటి? ప్లగ్గు పీకి, ఎన్ని మధ్యాహ్నాలు దాని ముందు కూర్చున్నానో. మళ్లీ ఒక్కసారీ పలకలేదు. ఆ రోజు ఎందుకు పలికిందో నాకిప్పటికీ తెలీదు. తెలీకపోయినా మేస్టారి మేలు నేను మరిచిపోలేను.

ఇప్పుడు రోజూ షాపు తీయగానే పెట్టెకి చెవి ఆనించి ఐదూ లెక్కపెడతాను. లారీలు పోతుంటే అవి పోయేదాకా ఆగుతాను. ఐదోది వినబడ్డాక, ఎవరు నవ్వినా సరే, పైకే చెబుతాను.

“లెక్కెట్టినాను మేస్టారూ.”