పదిహేడు కుక్కల పొద్దుటి తనిఖీ

సుక్రు పొద్దున్నే లేచి ముఖం కడుక్కోడు. ముందు ఊళ్ళో కుక్కలన్నీ ఎక్కడెక్కడ కూర్చుని లేచాయో, ఏమేం వదిలాయో చూసి రావాలి. అనంతగిరి కొండల్లో ఇరవై గడపల ఊరు, పదిహేడు కుక్కలు. వెదురు పుల్లతో పదిహేడింటి సంగతీ తేల్చేదాకా ఆయనకు కాఫీ తోట గుర్తు రాదు, పెళ్ళాం గంగ గుర్తు రాదు.

గంగకు తల కొట్టేసినట్టుండేది. ఊట దగ్గర ఆడవాళ్ళు ఆమెను డాక్టరమ్మా అని పిలిచేవారు. ఒకసారి ఆమె అన్నదమ్ములు వచ్చి చోడి అంబలి తాగుతుంటే, సుక్రు పక్కింటి గాసి వాళ్ళ కుక్క కథ ఎత్తుకున్నాడు. రంగు, చిక్కదనం, అందులో దొరికిన చెప్పు ముక్క. బావమరుదులు గిన్నెలు కింద పెట్టేశారు. సుక్రు ఇంకో గిన్నె పోయించుకున్నాడు.

అలాగని ఊరికే కంగారుపడే మనిషి కాదు. సంతలో పశువుల డాక్టరు చెప్పిందంతా కంఠతా పట్టాడు. ఒకసారి కక్కి మళ్ళీ తోకాడిస్తూ తిరిగే కుక్క జోలికి పోవద్దనేవాడు. కాస్త జారుడైతే నీళ్ళు పెట్టి, మెత్తటి గంజన్నంతో సరిపెట్టమనేవాడు. నీళ్ళు కూడా ఇమడకపోయినా, నెత్తురు పడినా, పసరూ మంత్రమూ అనకుండా జీపెక్కించమనేవాడు.

తొంభై ఎనిమిది చైత్రంలో, కొత్త మామిడికాయ కోసుకుని వేటకెళ్ళే ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్ళంతా వేటకు బయలుదేరుతున్నారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి ఆడవాళ్ళు పేడనీళ్ళ స్నానం చేయించడం అక్కడి ఆచారం. అంత హడావుడిలోనూ సుక్రు భుజాన విల్లుతో తన రౌండు కొట్టి, ఒంటరి ముసలమ్మ పైడితల్లి ఇంటి వెనక ఆగిపోయాడు. నెత్తురు కనిపించింది.

కుక్క మూలన సోలిపోయి ఉంది. పైడితల్లి తేలిగ్గా తీసుకుంది. పండగని కొత్త మామిడికాయలో దాని వాటా దానికి పెట్టిందట, అదే అరగక నీళ్ళు కూడా కక్కేస్తోందట.

"ఈయేళ దాటితే ఇది బతకదమ్మా. బేగి ఓ గోనె ఇయ్యి," అన్నాడు సుక్రు.

తన విల్లు వేటకెళ్తున్న గాసి చేతిలో పెట్టి, కుక్కను గోనెలో చుట్టి మెడకేసుకుని, కొండ దిగి, ఇరవై మంది వేలాడే జీపులో అరకు చేరాడు. అక్కడి డాక్టరు సెలైన్ ఎక్కించి, రెండు రోజులు సూదులు వేసి, ఇంకో పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

మూడో రోజు వేటగాళ్ళు తిరిగొచ్చారు. వాళ్ళ వెనకే మెడలో గోనెతో సుక్రు. గంగ కుండ ఎత్తింది. ఇన్నేళ్ళ కోపమంతా పేడనీళ్ళలోనే కలిపి ఉంచింది.

"ఊరి కుక్కలతో నీకేటి పని? ఈయేళైనా సెప్పు."

సుక్రు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మెల్లగా. పైడితల్లికి కళ్ళు ఆనవు గదే. కుక్కకి నెత్తురు పడినా ఆయమ్మకేటి తెలుస్తాది? ఆ ఒక్క ఇంటెనకే సూత్తే జాలిపడతన్నాననుకుంటాది. అందుకే ఊరంతా సూత్తన్నాను."

ఈలోగా పైడితల్లి తడుముకుంటూ వచ్చింది. గోనెలోంచి తల బయటపెట్టి కుక్క ఆమె చెయ్యి నాకింది. గంగకు మొగుడి మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. కానీ ఆడవాళ్ళంతా పొయ్యి పొయ్యి అని గోల పెడుతున్నారు, గాసి అందరికన్నా గట్టిగా నవ్వుతున్నాడు.

"వేటకెళ్ళినోడు జంతువుతో రావాలన్నారు గానీ, సచ్చినదే తేవాలని ఎవులన్నారు?" అని అడిగి, రెండు విల్లులు మోసుకెళ్ళి కుందేలు తోక కూడా తేని గాసి నెత్తిన కుండెడూ కుమ్మరించింది గంగ.