వదలమని చెప్పేవాడు

ఏ సముద్రం ఒడ్డున చూసినా సరంగులు రెండు రకాలు. నోటితో పడవ నడిపేవాళ్ళు, కళ్ళతో నడిపేవాళ్ళు. ఈ కథలో సరంగు రెండో రకం. కింద చేపలున్నచోట పిట్టలు గుంపుగా మునకలేస్తుంటే అందరికంటే ముందు చూస్తాడని రేవులో ఆయన్ని గద్ద అంటారు. తండ్రి పెట్టిన పేరు లైసెన్సులో మిగిలిపోయింది.

ఆయన పని కూడా చిత్రమైనదే. కూటికోసం చేపను పట్టడం లోకంలో ఉన్నదే. ఈయన పడవకి మాత్రం సరదాకి పట్టి, ఫొటో తీయించుకుని, మళ్ళీ నీళ్ళలోకి సాగనంపడానికి జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. మూతికి ఈటెలాంటి కొమ్ము, వీపున తెరచాపంత రెక్క ఉన్న చేప గాలానికి తగిలిందా, సొంత పెళ్ళిలో కూడా వాళ్ళు అంత గోల చేసి ఉండరు.

కానీ ఆ చేపను పట్టడంకంటే వదలడం కష్టం. పెనుగులాడి పెనుగులాడి అది తోమని రాగిచెంబు రంగుకి తిరుగుతుంది. అప్పుడు డెక్కు మనిషి వంగి నీళ్ళలోనే దాని కొమ్ము పట్టుకోవాలి. సరంగు పడవను నత్తనడకన పోనివ్వాలి. మొప్పల్లోంచి నీళ్ళు పారి ఊపిరి కుదుటపడితే, తల నుంచి తోకదాకా నీలం మళ్ళీ వెలుగుతుంది. వంగినవాడికి తల తప్ప కనపడదు. పైన చుక్కాని దగ్గర నిలబడ్డవాడికి ఒళ్ళంతా కనపడుతుంది. అందుకే ఈ పడవమీద గద్ద ఒక కట్టుబాటు పెట్టాడు. సరంగు "వదులు" అనేదాకా వదలకూడదు, అన్నాక ఆగకూడదు. బతికి వెళ్ళిన చేపకి గుర్తుగా చిన్న జెండా తలకిందులుగా కట్టి రేవులోకి రావడం ఆనవాయితీ.

ఇప్పుడు గద్దకు రంగులు తెలియడం లేదు. ఎవరివైపు చూసినా చెవులు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట మసక. "పొరైతే తీసేసేవాణ్ణి. ఇది పొర కాదు. పోయింది రాదు, ఉన్నది ఉంటుందనీ చెప్పలేను," అన్నాడు కంటి డాక్టరు.

"మా తమ్ముడికి చెప్పు," అంది భార్య.

"చెబితే వాడు నన్ను ఒడ్డున కూర్చోబెడతాడు. కూర్చుని ఏం చెయ్యనే? నీకు కూరగాయలు తరిగిపెట్టనా?"

"వద్దులేవయ్యా, వేళ్ళు తరుక్కుంటావు." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ తమ్ముడే డెక్కు మనిషి. తల నెరిసినా నోరు నెరవలేదు. బావను దెప్పిపొడవనిదే తిన్నది అరగదు. అక్క వాడితో ఏనాడో చెప్పేసింది. అప్పట్నుంచి వాడి గొంతు రెట్టింపయింది.

"బావా! కుడిపక్క పిట్టలు! గద్దవా, గుడ్లమీద కోడిపెట్టవా?"

"నీకంటే ముందే చూశాన్రా, నోర్మూసుకో," అని గద్ద పడవ తిప్పేవాడు. వాణ్ణి మోసం చేస్తున్నాననుకున్నాడు. వాడు మోసపోయినట్టు నటించాడు. కాపురాలైనా, రాజ్యాలైనా ఇలాంటి సర్దుబాటుమీదే చాలాకాలం నడుస్తాయి. సముద్రం మాత్రం సర్దుకోదు.

ఒకరోజు పడవెక్కినవాడు పళ్ళ డాక్టరు. చేప తగలగానే బలమంతా పెట్టి లాగడం మొదలెట్టాడు.

"పన్ను కాదు సార్, పీకకండి! మెల్లగా!" అన్నాడు బావమరిది.

చివరికి చేప పడవ పక్కకొచ్చింది. బావమరిది కొమ్ము పట్టుకున్నాడు. గద్ద ఇంజను తగ్గించి కిందికి చూశాడు. నీళ్ళలో పొడుగాటి నల్లమరక. అది రాగో, నీలమో! తల పక్కకి తిప్పి చూశాడు, కళ్ళు చికిలించాడు. మరక మరకలాగే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు మీద, ఈపాటికి వెలిగే ఉంటుందనుకున్నాడు.

"వదులు."

బావమరిది తలెత్తాడు. చేప తడిగుడ్డలా వేలాడుతోంది. ఇంకా కాలేదనాలి. అలా అంటే పరాయి మనిషి ముందు గద్దకు కళ్ళు లేవన్నట్టే. వదిలేశాడు. చేప పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట చూపిస్తూ మునిగిపోయింది. డాక్టరు అప్పటికి ఫోనులో ఫొటోలు చూసుకుంటున్నాడు.

"ఎలా వెళ్ళిందిరా?"

"బాగా వెళ్ళింది బావా."

గద్ద ఆ మాటకి తోక కోసం ఎదురుచూశాడు. నీకంటే హుషారుగా ఉందనో, నీ మొహం చూసి పారిపోయిందనో ఏదో ఒకటి అనాలి. అనలేదు. వాడు అంత మర్యాదగా మాట్లాడేది చావింట్లోనే. చేప సంగతి, తన సంగతి వాడికి తెలుసన్న సంగతి, రెండూ ఒక్కసారే అర్థమయ్యాయి.

"అక్క చెప్పిందా?"

"చెప్పింది."

"మరి వదలననొచ్చుగా?"

"నువ్వు వదలమన్నావుగా, బావా."

తిరుగుదారిలో డాక్టరు జెండా అడిగాడు, దానితో ఒక ఫొటో కావాలని. బావమరిది పెట్టెలోంచి తీశాడు.

"కట్టకు," అన్నాడు గద్ద. "మీ చేప చచ్చిపోయింది సార్. నాకు రంగు కనపడకుండానే వదలమన్నాను."

డాక్టరు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"రారా, చుక్కాని నువ్వు పట్టు."

"ఎందుకు బావా, నేను పక్కనుండి చెబుతాగా, కుడి, ఎడమ..."

"చేపకి కూడా చెబుతావా?"

వాడు వచ్చి చుక్కాని పట్టుకున్నాడు. గద్ద మెట్టుమెట్టూ కాలితో తడుముకుంటూ దిగి, ఏనాడూ కూర్చోని అతిథుల కుర్చీలో కూలబడ్డాడు. ఇంకా తడిగానే ఉంది.

రేవు సముద్రంలో కలిసే మొగలో ఎదురొచ్చిన పడవ సరంగు వేళ్ళెత్తి, ఎన్ని అని సైగ చేశాడు. గద్ద అటే చూస్తూ ఊరుకున్నాడు. "గద్దగారికి పొగరెక్కింది!" అని వాడు నవ్వుకుంటూ పోయాడు.

గట్టుమీద భార్య రోజూలాగే తాడు అందుకోవడానికి నిలబడింది. చుక్కాని దగ్గర తమ్ముణ్ణి చూసింది. తాడు కట్టి, చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆయన చూడలేదు. వంగి మణికట్టు పట్టుకుని పైకి లాగింది.

"ఇంట్లో కూరగాయలేమున్నాయే?" అన్నాడు గద్ద.