పక్కన ఎవరు పడుకుంటారు?

పక్షవాతం వచ్చి మూడు నెలలైనా నా కుడిచేయి సుద్దముక్కను పట్టుకోలేకపోయింది. ఆ చేయి లేకపోతే నాకు పనే లేదు. కడప పక్కన బండల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు బండల మీద కొలతలు పెట్టి గీతలు గీశాను. నేను గీసిన గీత మీదే రంపం నడిచేది.

ఇంట్లో నాకు సేవలకేమీ తక్కువ లేదు. మైదుకూరు నుంచి మా మేనత్త వచ్చి, "పక్షవాతం మనిషికి తలకింద దిండు పెట్టగూడదు, మెడనరం నలుగుతాది" అని తీర్పు చెప్పింది. దిండు తీసేశారు. చల్లగా ఉంటుందని ముందుగదిలో నల్లబండ అరుగు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అలా ఒరగడం ఆలస్యం, గురక మొదలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగి, "శానా మంచి నిద్దరప్పా! నిద్దరలోనే నరం పట్టుకుంటాది, లేపగాకండి" అని చెప్పిపోయేవాళ్ళు.

వ్యాయామం చేయించే ఆమె పొద్దున పదింటికి వచ్చేది. నేను జోగుతుంటే మా ఆవిడ వాకిట్లోంచే వెనక్కి పంపేది. మేలుకున్న రోజున మాత్రం ఏం లాభం? చేతిలో రబ్బరు బంతి పెట్టగానే కళ్ళు మూతలు పడేవి. అందరూ బద్ధకమన్నారు. నాకు కోపం నషాళానికెక్కేది. కానీ ఎవరితో పోట్లాడాలి, నా కళ్ళతోనా?

చివరికి కర్నూలులో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన చేయి చూసి, నిద్ర గురించి అడిగాడు. మా ఆవిడ గొప్పగా చెప్పింది: "దానికేం సార్, ఈయప్ప గురక వీధంతా వినబడతాది."

ఆయన నవ్వలేదు. "గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా? పక్కన ఎవరు పడుకుంటారు?"

ఆమె తలొంచుకుంది. నేను గోడమీద క్యాలెండర్ చూశాను. పన్నెండేళ్ళుగా నా పక్కన ఎవరూ పడుకోరు. గురక భరించలేక ఆమె తన చాప లోపలిగదికి తీసుకుపోయింది. ఉండమని నేను అడగలేదు. అప్పుడు పడ్డ బాధ ఆమెకు కూడా చెప్పలేదు.

"ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడుతుంది. అలా నలిగిపోయిన మెదడు పగలు చేతికి పని ఎలా నేర్పుతుంది? వెల్లకిలా పడుకోబెట్టకండి. నిద్ర పరీక్ష చేసేదాకా రాత్రిళ్ళు పక్కనే ఉండి కనిపెట్టుకోండి" అన్నాడు.

పరీక్షకు వారం పట్టింది. ఆ వారం ఆమె చాప నా పక్కనే ఉంది. ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టి పక్కకు తిప్పేది. మొదటి రోజు పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో, "సచ్చి సచ్చి బతుకుతాండావు కదప్పా, ఇన్నేండ్లూ ఇట్లనేనా?" అని ఏడ్చింది. చెప్పడానికి సిగ్గే గానీ, ఈమధ్య ఇంత సంతోషంగా గడిచిన వారం నాకు లేదు.

తరువాత ముక్కుకు తగిలించుకునే గాలి మిషన్ వచ్చింది. మాస్కు నాకు తగిలించి, "ఇంగ మిషన్ సూసుకుంటాదిలే" అంటూ ఆమె చాప చుట్టుకుని లోపలికి పోయింది. గురక పోయింది, పగటి మత్తు వదిలింది. వ్యాయామం చేయించే ఆమె రోజూ గంటసేపు నా ప్రాణం తీసేది. రెండు నెలలకు వేళ్ళు సుద్దముక్కను పట్టుకున్నాయి. ఊరంతా సంబరపడింది. నాకు మాత్రం ఆ మిషన్ మీద పీకలదాకా కోపం.

నిన్న సాయంత్రం మా ఆవిడ అంగడికి పోయినప్పుడు లోపలిగదిలోంచి చాప తెచ్చాను. రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది. మూడోసారి పట్టు దొరికింది. నా అరుగు పక్కన పరిచి కూర్చున్నాను.

ఆమె సంచితో వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"దీన్ని ఈడ ఎవరు పర్సింది?"

"నేనే."

"యా చేత్తో?"

కుడిచేయి ఎత్తి చూపించాను. ఆమె ఆ చేతివైపు చూసి సంచి కిందపెట్టింది. తరువాత, "వంకరగా పర్సినావు" అంటూ వంగి చాప కొస సరిచేసింది.