నల్ల మూత డబ్బా

వీధి చివర అద్దకం కొట్టు నడిపే ఆవిడకు దాపరికం తెలియదు, ఒక్క డబ్బా విషయంలో తప్ప. అరలో వరసగా ఉన్న రంగు డబ్బాల్లో నల్ల మూతదాంట్లో రంగు ఉండేది కాదు. ఆపదకని దాచిన నోట్లుండేవి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: ఆవిడ, భర్త, ముందుగదిలో ఉండే మరిది.

భర్త నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న రోజున ఆసుపత్రివాళ్ళు ముందు డబ్బు కట్టమన్నారు. ఆవిడ పరుగున వచ్చి మూత తీస్తే డబ్బా అడుగు తళతళలాడింది. రంగు కాచే రాగి గుండిగను అప్పటికప్పుడు అమ్మి ఆపరేషన్ చేయించింది.

"డబ్బుదేముంది వదినా," అన్నాడు మరిది, అన్న మంచం పక్కన కూర్చుని పండు ఒలుస్తూ. "మనిషి దక్కాడు, అంతే చాలు."

సొంతవాళ్ళ మధ్య తాళాలెందుకనే పెద్దమాటలు ఆవిడా నమ్మింది, గుండిగ ఉన్నన్నాళ్ళు. ఇప్పుడు గోడకు ఇనప్పెట్టె బిగించి, తాళంచెవి మెళ్ళో వేసుకుంది. నల్ల మూత డబ్బాలో మాత్రం మళ్ళీ కొన్ని నోట్లు పెట్టి, వాటి మీద ఊదా రంగు పొడి పల్చగా చల్లింది. పొడిగా ఉన్నంతసేపూ అది ఉత్త దుమ్ము. చెమట తగిలిందా, ఎంత తోమినా వదలదు.

"డబ్బాలో మళ్ళీ కాస్త వేశానండీ," అని భర్తతో, మరిదికి వినబడేలా అంది. ఆపైన నెలన్నర ఎదురుచూసింది. మరిదికి రోజూ నవ్వుతూనే వడ్డించింది.

ఒకరోజు అతను పనికి వెళ్ళాక చూస్తే డబ్బా ఖాళీ. చెప్పులేసుకుని, తాపీగా అతను పనిచేసే బట్టల దుకాణానికి నడిచింది. కరెంటు పోయి, లోపల అందరూ చెమటలు కక్కుతున్నారు.

"ఏం మరిదీ, ఆ తెల్ల తాను దించు. పూర్తిగా విప్పు, నేత చూడాలి."

విప్పాడు. పట్టుకున్న చోటల్లా ఊదా వేళ్ళు పడ్డాయి. నుదురు తుడుచుకున్నాడు, నుదురూ ఊదా అయింది. యజమాని బల్ల దాటి వచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"ఏమో సార్, ఎక్కడంటిందో..." అని వదిన వైపు తిరిగాడు. "మీకు రంగులు తెలుసుగా వదినా, మీరైనా చెప్పండి."

"రంగుదేముంది మరిదీ. మనిషివి బాగానే ఉన్నావు, అంతే చాలు."

తాను ఖరీదు అతని జీతంలో కోశారు. అది గుండిగకు ఏ మూలకీ రాదని ఆవిడకు తెలుసు. వారమైంది, అతను చేతులు జేబుల్లోంచి తీయడం లేదు. ఆ మరకను వదలగొట్టే మందు కొట్లోనే, నల్ల మూత డబ్బా పక్కన సీసాలో ఉంది. అడిగితే ఇస్తుంది. అన్న మంచం దగ్గర నిలబడి, ఎక్కడ అంటిందో చెప్పి మరీ అడగాలి.

ఆవిడకేం తొందర లేదు.