ఎవరి తాళం వాళ్లకే

నర్మదకు డిగ్రీ లేదు. ఇబ్రహీంపట్నంలోని ఒక డయాలసిస్ సెంటర్‌లో చీటీలు రాసే పనికి చేరి, ఖాళీ దొరికినప్పుడల్లా పాత పుస్తకాలు ముందేసుకుని, తప్పు మీద తప్పు చేస్తూ జావాలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది.

ఆ సోమవారం పదకొండు గంటలకు మూడో మిషన్ ఇద్దరి పేర్ల మీద బుక్కయి ఉంది. ముందొచ్చిన రేణుకమ్మకు మిషన్ పెట్టేశారు. రెండో పేరున్న సోమయ్య ఉబ్బిన కాళ్లతో బల్ల మీద కూలబడ్డాడు.

"మొన్న గూడ గిట్లనే వాపసు పంపితిరి బిడ్డా. ఊపిరాడుతలేదు."

అంతలోనే మేనేజర్ వినోద్ కుమార్ ఒక కాగితం తెచ్చి నర్మద ముందు పెట్టాడు. 'నా పొరపాటు వల్ల ఇద్దరికి బుక్ అయింది' అని టైపు చేసి ఉంది. సంతకం పెడితే ఉద్యోగం పోయినట్టే.

సాఫ్ట్‌వేర్ రాసిన రమాకాంత్ ఫోన్‌ స్పీకర్‌లో ఉన్నాడు. "కోడ్‌లో తాళం వేశామండీ! ఒకరు బుక్ చేస్తుంటే రెండోవాళ్లు ఆగాల్సిందే. ఆవిడే రెండుసార్లు నొక్కి ఉంటారు."

"గా తాళమేందో నేను చూపిస్త సార్," అంటూ ఆమె కౌంటర్ కంప్యూటర్‌లోనే ఉన్న కోడ్ తెరిచింది. బుకింగ్ చేసే కోడ్ ముక్క, అంటే మెథడ్ లోపలే, మొదటి వరుసలోనే, ఎవరు నొక్కినా ప్రతిసారీ ఒక కొత్త తాళం ఆబ్జెక్టు పుడుతోంది.

"వినోదన్నా, బాత్రూంకు ఒకటే తలుపుంటే, లోపల మనిషుంటే బయటోడు ఆగుతడు. వచ్చినోడల్లా సంకల ఇంకో తలుపు పట్టుకొచ్చి గొళ్లెం పెట్టుకుంటే ఎవడాగుతడు? నేను కౌంటర్ల నొక్కిన, గదే గడియల ఇంకెవరో ఫోన్ల నొక్కిన్రు. ఒకేపారి నడిచే రెండు పనులు, అంటే రెండు త్రెడ్లు, రెండు తాళాలు. ఇద్దరికీ ఖాళీ అనే కనవడ్డది."

"థియరీ తర్వాత మాట్లాడుకుందామండీ," అన్నాడు రమాకాంత్ ఫోన్‌లోంచి.

"థియరీ గాదు సార్, వచ్చి సోమయ్య తాత కాళ్లు సూడు!"

ఆ వరుసను మెథడ్‌లోంచి తీసి, అందరికీ ఒకే తాళం ఉండేలా స్టాటిక్ ఫైనల్ చేసి మెథడ్ బయట, క్లాసు స్థాయిలో పెట్టింది. ఖాళీ చూడటం, పేరు రాయడం రెండూ దాని లోపలే ఉన్నాయని సరిచూసుకుంది. అసలు బుకింగులు చెడకుండా సాఫ్ట్‌వేర్ నకలు మీద, ఒకే మిషన్ కోసం ఒకేసారి రెండు వందల త్రెడ్లు వదిలింది. పాత కోడ్‌లో అది ఐదుగురికి దొరికింది. కొత్త కోడ్‌లో ఒక్కరికే.

"మంచిగ చేసినవ్," వినోద్ గొంతు తగ్గించాడు. "గని పైకి కాగితం పోవాలె గదా. జర సంతకం పెట్టరాదు?"

నర్మద పెన్ను లాక్కుంది. టైపు చేసిన మాటను అడ్డంగా కొట్టేసి, కింద రెండు వరుసలు రాసింది: తాళం ఎక్కడుండేది, తను ఎక్కడికి మార్చింది. దాని కింద సంతకం పెట్టింది.

"ఇగో, పంపు. తాతకు మిషన్ దొరికేదాక నేనీడికెళ్లి కదల."

వినోద్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఏ మిషన్ ముందు ఖాళీ అవుతుందో చూడటానికి లోపలికి నడిచాడు.