దేవుడు అడిగిన తాళంచెవి

సుంఖాల్ కొండ మంచువాలు మీద, ఇనుపతాడుకు వేలాడే కుర్చీల లిఫ్టు నడిపే సతేశ్వరి, ఆ మాఘమాసపు ఉదయం ముందుగా ఖాళీ కుర్చీలను పైకి పంపి చూసింది. లోయ మీదికి రాగానే గాలి వాటిని అడ్డంగా తోసి, ఇనుప స్తంభానికి జానెడు దూరం దాకా ఊపింది. గాలిమీటరు ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది. ఆమె మోటారు ఆపి, తాళంచెవి తీసి, నడుముకట్టులో దోపుకొంది. పైస్టేషన్లో ఉండే దిల్బర్‌కు ఫోనులో, "ఇవాళ గాలి తగ్గేదాకా మనుషుల్ని ఎక్కించను" అని చెప్పింది.

అంతలోనే డోలు మోత వినవచ్చింది.

అది సతేశ్వరి పుట్టింటి ఊరి దేవుడు భూమియాళ్ స్వామి పైగుడికి వెళ్లే రోజు. పన్నెండేళ్లకొకసారి జరిగే యాత్ర. సూర్యాస్తమయంలోపు స్వామి వెండిముఖం పైగుడి పీఠాన్ని అధిష్ఠించకపోతే యాత్ర భగ్నమైనట్లే. కాలిదారి నడుములోతు మంచులో మునిగి ఉన్నందున, స్వామిని లిఫ్టు మీద తీసుకుపోవాలని ఊరంతా తీర్మానించుకొంది. ఆ వెండిముఖమున్న డోలీకి ముందు నడుస్తున్న వృద్ధుడు గుమాన్ సింగ్. స్వామి పూనేది ఆయన మీదనే. సతేశ్వరికి స్వయానా పినతండ్రి.

ఊరిపెద్ద హయాత్ సింగ్ నవ్వుతూ దగ్గరకు వచ్చాడు. "ఏం చెల్లీ, దేవుడికి కూడా టికెట్ కొడతావా?"

"టికెట్ లేదు, లిఫ్టూ లేదు అన్నా. గాలి చూశావుగా."

"ఈ గాలికి మా ఇంట్లో టీ కూడా చల్లారదు."

"నీ టీ ఇంట్లో ఉంది. ఆ కుర్చీలు లోయ మీదున్నాయి."

"మైదాన ప్రాంతాల నుంచి వచ్చే పిల్లల్ని రోజూ ఎక్కిస్తావు. పుట్టింటి దేవుడు వచ్చేసరికి గాలి గుర్తొచ్చిందా?"

వెనుక ఎవరో పకాలున నవ్వారు. ఆ నవ్వు ముగియకముందే డోలు నడక మారింది. గుమాన్ సింగ్ భుజాలు కంపించాయి. కాలిజోళ్లు విదిల్చి, మంచులో వట్టి పాదాలతో గిరగిర తిరిగి, సతేశ్వరి ఎదుట నిలిచాడు. జనమంతా చేతులు జోడించారు. ఇక ఆ కంఠం నుంచి వెలువడినది పినతండ్రి మాట కాదు.

"ఆడపడుచా! దారి ఇవ్వు."

సతేశ్వరి మంచులో మోకరిల్లింది. "స్వామీ, నువ్వు నా పుట్టింటివాడివి. నన్ను అత్తారింటికి పంపిన రోజు పొలిమేర దాకా నువ్వే తోడొచ్చావు. నీ మాట కాదంటానా? కానీ నిన్ను ఒళ్లో పెట్టుకుని మనుషులు కూర్చోవాలి. తాడు చక్రం మీంచి జారితే నీకేం కాదు తండ్రీ, వాళ్లు పోతారు."

"నేనుండగా ఎవరు పోతారు? తాళంచెవి తే!"

చాచిన అరచేయి ఆమె ముఖానికి ఎదురుగా నిలిచింది. స్వామి చాచిన చేతిని రిక్తంగా వదలడం ఆ కొండల్లో ఎవరూ ఎరుగనిది. ఆమె చేయి తనంత తానే నడుముకట్టు దాకా వెళ్లింది; అక్కడే పిడికిలై బిగిసింది.

"ఇవ్వను స్వామీ. కోపమొస్తే నన్ను కొట్టు. వాళ్లను ఎక్కించను."

"పిచ్చిదానా, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా!" అని హయాత్ సింగ్ గద్దించాడు.

"తెలుసు కాబట్టే మోకాళ్ల మీదున్నా అన్నా."

చాచిన చేయి మెల్లగా ముడుచుకొంది. "నాకు తలుపు మూశావు. నీ గడప నేను తొక్కను. నడిచే పోతాను!"

యాత్ర నుంచి మరలివచ్చేటప్పుడు స్వామి ప్రతి ఆడపడుచు ఇంటా అడుగుపెట్టి, ఆమె చేతి పళ్లెం అందుకొంటాడు. ఆ భాగ్యం సతేశ్వరికి ఇక లేదు. ఏడవడానికైనా ఆమెకు వ్యవధి చిక్కలేదు; ముసలి పినతండ్రి వట్టి పాదాలతోనే కాలిదారి పట్టాడు. డోలీ మోసేవారు ఆయనను అనుసరించారు. పడుచువారు ముందుకు దూకి మంచు తవ్వసాగారు.

వారు దేవదారువనంలో కనుమరుగై, కేక వేసినా వినపడనంత దూరం పోయాక, గాలి తగ్గింది. ముల్లు ఎర్రగీత కిందికి దిగి కుదురుగా నిలిచింది.

"కాస్త ఆగండని ఉంటే సరిపోయేదిగా తల్లీ!" అన్నాడు టీకొట్టు ముసలాయన.

"ఎంతసేపు ఆగమనాలో నాకు మాత్రం తెలుసా బాబాయ్?"

ఆమె లిఫ్టు నడిపి, కంబళ్లూ టీ ఫ్లాస్కులూ కుర్చీల్లో కట్టి పైకి పంపింది. గుడి దగ్గర మంట వేయమని దిల్బర్‌కు చెప్పింది. ఆ పాదాలే కళ్లముందు మెదలుతున్నాయి. ఎండ కొండకొమ్ముల మీద పసుపుపచ్చగా మారింది. ఫోను మోగలేదు. తానే చేసింది, అటువైపు ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది.

పొద్దు వాలబోతుండగా దిల్బర్ పలికాడు. "వచ్చారు దీదీ. స్వామి పీఠమెక్కాడు."

"చిన్నాన్న కాళ్లు?"

"మంట దగ్గర పెట్టాం. వేళ్లు కదులుతున్నాయి. పూనకం దిగాక ఏమీ గుర్తు లేదంటున్నాడు. సతేశ్వరి లిఫ్టు ఎందుకు ఎక్కించలేదని నన్నే అడుగుతున్నాడు."

"ఏం చెప్పావు?"

"గాలి అన్నాను. 'పోనీలే, దాని మీద నాకు కళ్లు తిరుగుతాయి' అన్నాడు."

ఆమె నవ్వబోయి, ముఖం చేతుల్లో దాచుకొంది. పినతండ్రి మరచినా, పలికినవాడు మరచేవాడు కాడు.

స్వామి దిగివచ్చిన రోజున ఆమె గడప కడిగి, పసుపు పూసి, బియ్యమూ దీపమూ ఉన్న పళ్లెంతో లోపలే నిలిచింది. వీధిలోకి పోయి పిలవడానికి నోరు రాలేదు. డోలీ పక్కింట్లోకి వెళ్లి వచ్చింది. ఆమె వాకిటి ముందుకు రాగానే మోసేవారి అడుగులు ఆగిపోయాయి. ఎవరి పాదమూ గడప తాకలేదు.

డోలీ ముందువైపు మోతకర్రలు కిందికి వంగాయి. వెండిముఖం నేలకు తాకేటంతగా వంగి, ఆమె వైపు ఒక క్షణం నిలిచి, మళ్లీ లేచింది. డోలీ సాగిపోయింది. మంచుమీద కాళ్లు జారాయని మోసేవారిలో ఒకడన్నాడు. గుమాన్ సింగ్ తల అడ్డంగా ఊపాడు.

"లోపలికి రాలేదే!" అంది అత్తగారు గాబరాగా.

"రానన్నాడు కదత్తా," అంది సతేశ్వరి. ఆమె కన్నీళ్లు పళ్లెంలోని బియ్యం మీద పడుతున్నాయి.